కుక్కల రిజిస్టరు వెనకవైపు

సారాక్ ఊళ్లో ఎవర్నడిగినా ఇదే చెప్పేవారు. యుద్ధం ముగిసిన రెండేళ్లకి, జనవరి మంచులో, ఫిలొమెన్ లాబార్త్ యూదుల కాగితాలన్నీ ఆఫీసు పొయ్యిలో వేసి పొద్దుట్నించి సాయంత్రం దాకా కాల్చిందట. గొట్టంలోంచి నల్లటి పొగ వచ్చిందట. ఎదురుగా రొట్టెల కొట్టావిడ తలుపులు మూసుకోవాల్సి వచ్చిందట. మిగిలిన నిప్పుల మీద చెస్ట్‌నట్ గింజలు కాల్చుకుని తిందని కూడా కొందరు కలిపేవారు. పిల్లలు ఆవిడకి బూడిదమ్మ అని పేరు పెట్టారు. "బూడిదమ్మా, చలేస్తోంది, ఇంకో రెండు కాగితాలు వెయ్యవే!" అని సందు మలుపులో అరిచి పారిపోయేవారు. ఆవిడ సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని నడిచిపోయేది.

ఫిలొమెన్ తండ్రి బెరెట్ టోపీల కార్ఖానాలో ఉన్ని నానబెట్టే పని చేసేవాడు. ఇంటినిండా తడి ఉన్ని కంపు. ఆ కంపు నుంచి బయటపడాలని పిల్ల టైపు నేర్చుకుంది. పంతొమ్మిదేళ్లకి సర్కారు ఆఫీసులో కుర్చీ దొరికింది. అక్కడ కంపు ఉండదనుకుంది పాపం.

యుద్ధం వచ్చేసరికి ఊరినిండా పరాయివాళ్లు. ముందు కొండలు దాటి స్పెయిన్ నుంచి వచ్చారు. తరవాత జర్మనీ నుంచి రైళ్లలో తెచ్చి దింపిన యూదులు వచ్చారు. చాలామందిని ఊరవతల బురదలో, చెక్క పాకల్లో పెట్టారు. కొందరిని ఊళ్లోనే హోటలు గదుల్లో ఉండమన్నారు, వారానికోసారి ఆఫీసుకొచ్చి సంతకం పెట్టమన్నారు. ఒక్కొక్కరూ సంతకం పెట్టి వెళ్లగానే పైఅధికారి పెబోస్ సొరుగులోంచి అత్తరు సీసా తీసి చేతులకి రాసుకునేవాడు. వాళ్లు ఆయన చేతుల్ని తాకిందీ లేదు, పెట్టిందీ లేదు. అయినా రాసుకునేవాడు.

ఇంతకన్నా రోత పొద్దుటి టపా. ఊళ్లోవాళ్లు రాసే ఉత్తరాలు. ఫిలొమెన్ పని వాటిమీద తేదీ ముద్ర కొట్టి, గుండుసూదితో కలిపి గుచ్చడం. ఎంత మర్యాదగా రాసేవారో! "అయ్యా, తమరి విలువైన సమయం తీసుకుంటున్నందుకు క్షమించాలి. మా పై అంతస్తులో ఉన్నవాళ్లు యూదులని నా నమ్మకం. ఆ గది ఖాళీ అయితే పెళ్లి కుదిరిన మా అమ్మాయికి పనికొస్తుంది. నా పేరు బయట పెట్టవద్దని ప్రార్థన." అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఒక ఉత్తరం మడతలో ఎండిన వయొలెట్ పువ్వు ఉంది. ఒకదానికి వెల్లుల్లి వాసన, వంట చేస్తూ చేస్తూ రాసినట్టున్నారు. ఆ మనుషులే ఆదివారం చర్చి మెట్ల మీద "ఏమ్మా ఫిలొమెన్, నాన్నకి దగ్గు తగ్గిందా?" అని పలకరించేవారు. ఆవిడ నవ్వేది. ఇంటికెళ్లి చేతులు తోముకునేది.

నలభై రెండు ఆగస్టులో జాబితా తయారు చెయ్యమన్నారు. హోటళ్లలోనూ ఆసుపత్రిలోనూ ఉన్న పరాయి యూదుల పేర్లు, నాలుగు కార్బన్ నకళ్లతో. నలభై ఏడు పేర్లు వచ్చాయి. ఒక్క దిద్దుబాటు లేదు. పెబోస్ కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "చూడండయ్యా, పనంటే ఇదీ!" అని గదిలో అందరికీ చూపించాడు. ఫిలొమెన్ మొహం సంతోషంతో ఎర్రబడింది. ఆ సంతోషం గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడ లేచి వెళ్లి చేతులు కడుక్కునేది, బతికినన్నాళ్లూ.

మర్నాడు ఉదయం, వాళ్లని ఎక్కించుకుపోయే బస్సు ముందు ఫిలొమెన్ నిలబడి పేర్లు పిలుస్తుంటే తప్పు బయటపడింది. పరుగున లోపలికెళ్లింది.

"అయ్యా, పన్నెండో పేరూ ముప్పై ఒకటో పేరూ ఒక్కడే. దర్జీ వెర్ట్‌హైమర్. హోటలు పుస్తకంలోనూ ఉన్నాడు, ఆసుపత్రి పుస్తకంలోనూ ఉన్నాడు. నేను రెండిట్లోంచీ ఎక్కించాను. ఉన్నది నలభై ఆరుగురే."

పెబోస్ గడియారం చూసుకున్నాడు. "నలభై ఏడని పైకి ఫోను చేసి చెప్పేశాను."

"మళ్లీ ఫోను చేస్తే..."

"చేసి ఏమనమంటావు అమ్మాయ్? మా ఆఫీసులో లెక్కపెట్టడం రాదని చెప్పమంటావా?" పోలీసు వైపు తిరిగాడు. "హోటల్లో ఇంకెవరున్నారు?"

"సెల్మ ఓడెన్‌హైమర్ అండీ. కానీ ఆవిడకి నాలుగేళ్ల పిల్లుంది. ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లుల్ని వదిలెయ్యమన్నారు కదండీ."

"పిల్ల గదిలో ఉందా?"

"లేదండీ. కోరింత దగ్గు. నన్‌ల ఆసుపత్రిలో పడుకోబెట్టారు."

"గదిలో లేదు కదా మరి," అన్నాడు పెబోస్. సీసా కోసం సొరుగు లాగాడు.

పావుగంటలో సెల్మని తెచ్చారు. జడ సగం అల్లి ఉంది. పెబోస్ ముప్పై ఒకటో పేరు కొట్టేసి, అన్నిటికన్నా కింద సిరాతో సెల్మ పేరు తనే రాశాడు. పక్కన 'భర్తీ' అని రాశాడు. బస్సు కిటికీలోంచి సెల్మ ఫిలొమెన్ చెయ్యి పట్టుకుంది. ఆమెకి భాష సరిగా రాదు. "నా పిల్ల. ఆసుపత్రి. నాలుగు గంటలకి మందు. చెంచాతో. చెప్పండి, మేడమ్. నన్‌లకి చెప్పండి." ఫిలొమెన్ చేతిలో ఉన్న జాబితా మీదే, ఆ పేరు పక్కన, పెన్సిల్‌తో రాసుకుంది. బస్సు వెళ్లిపోయింది.

తెల్లారి హోటలు యజమానురాలు దుపూయ్ వచ్చింది. "ఆవిడ మా దుప్పట్లు రెండు పట్టుకుపోయింది అమ్మాయ్, ఎక్కడ అడగాలి?" అంది. ఇదే మనిషి అంతకుముందే నన్‌ల దగ్గరికెళ్లి, సెల్మ ఎవడితోనో తనంతట తనే వెళ్లిపోయిందనీ, పిల్ల సంగతి పట్టలేదనీ చెప్పి వచ్చింది. ఆ చలికాలం సెల్మ కోటు దుపూయ్ కూతురి ఒంటిమీద కనిపించింది. బొత్తాలు మాత్రం మార్చారు.

యుద్ధం అయ్యాక పైనుంచి ఉత్తర్వు వచ్చింది, ఆ కాగితాలన్నీ నాశనం చెయ్యమని. పెబోస్ కోటుకి అప్పటికే పతకం రిబ్బను వేలాడుతోంది. ధ్రువపత్రం ముందే టైపు చేయించాడు: 'సదరు పత్రములు ఆఫీసు పొయ్యిలో, మా సమక్షంలో పూర్తిగా దహనం చేయడమైనది.' తను సంతకం పెట్టాడు. ముగ్గురు గుమాస్తాలతో పెట్టించాడు. "కానిచ్చెయ్ అమ్మాయ్," అని భోజనానికి వెళ్లిపోయాడు.

ఫిలొమెన్ కాగితాలు బుట్టలకెత్తింది. ఆ నెలలోనే ఆవిడ మేయరాఫీసుకి మారింది. ఊళ్లో పిచ్చికుక్కల భయం, ప్రతి కుక్కనీ నమోదు చెయ్యాలన్నారు. రాయడానికి కాగితం దొరకని రోజులు. తెల్లగా ఉన్న వెనకవైపుని ఎవరూ పారేసేవారు కాదు. మొదటి పది కాగితాలు ఆవిడ ఆ లెక్కనే సగానికి కత్తిరించింది, గొప్ప ఆలోచనేమీ లేదు. పదకొండో కాగితం దగ్గర్నించి మాత్రం ఏం చేస్తోందో ఆవిడకి తెలుసు. అన్నీ దారంతో కుట్టి అట్ట వేసింది. ఒకవైపు కుక్క పేరు, రంగు, తోక పొడుగు, యజమాని సంతకం. రెండోవైపు మనుషులు. దుపూయ్ తన బొచ్చుకుక్కకి సంతకం పెట్టింది కూడా బస్సెక్కినవాళ్లు ఎవరో రాసిన వీడ్కోలు ఉత్తరం వెనకే, తిప్పి చూడనేలేదు. ఎవరూ తిప్పి చూడలేదు.

డెబ్బై తొమ్మిది అక్టోబరులో ఒకావిడ మేయరాఫీసుకి వచ్చింది. నలభై ఒక్కేళ్లుంటాయి. పేరు లోరె ఓడెన్‌హైమర్. లియోన్‌లో కళ్లద్దాల కొట్లో పనిచేస్తుంది. అక్కడ కూర్చున్న జిల్బెర్త్, రొట్టెల కొట్టావిడ కూతురు, తలూపేసింది. "ఆ కాగితాలా? అన్నీ పొగైపోయాయండీ. కావాలంటే బూడిదమ్మనే అడగండి. నది పక్క మూడో ఇల్లు."

ఫిలొమెన్ వంటింట్లో సూపులోకి క్యాబేజీ తరుగుతోంది. లోరె కూర్చోలేదు.

"నన్ను నన్‌లు పెంచారు. మీ అమ్మ నిన్ను వదిలేసి ఎవడితోనో పోయిందని చెప్పి పెంచారు. పోయిందా, తీసుకెళ్లారా? అదొక్కటి చెప్పండి. మీరు కాల్చినదాంట్లో ఉందా?"

ఫిలొమెన్ కత్తి కింద పెట్టింది. చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. తడి చేతులతోనే కోటు తొడుక్కుని, "రండమ్మా," అంది.

"కుక్కల రిజిస్టరా?" అంది మేయరాఫీసులో జిల్బెర్త్, ఫిలొమెన్ అడగ్గానే. "ఎవర్ని కరిచిందేమిటి?"

ఫిలొమెన్ బీరువా అడుగు నుంచి దుమ్ము కొట్టుకుపోయిన పుస్తకం లాగింది. అందులో కత్తిరించని కాగితం ఒక్కటే ఉంది, మడతపెట్టి కుట్టినది. పైకి కనిపించేది ఆవిడ సొంత కుక్క బిజూ. తెల్ల మచ్చలు, ఎడమ చెవి చిన్నది. మడత విప్పి తిప్పింది.

లోరె వేలు పెట్టుకుని కిందికి చదివింది. అన్నిటికన్నా కింద వేలు ఆగింది. సిరాలో తల్లి పేరు. పక్కన పెన్సిల్ గీతలు: పిల్ల ఆసుపత్రిలో, నాలుగింటికి మందు, చెంచాతో.

"భర్తీ అంటే?"

ఫిలొమెన్ చెప్పింది. దర్జీ సంగతి, రెండు పుస్తకాల సంగతి, ఫోను సంగతి. ఎక్కడా గొంతు తగ్గించలేదు. "తప్పు నాది. ఆ తప్పు చోట్లోకి మీ అమ్మని తెచ్చారు."

"ఈ మందు మాట నన్‌లకి చెప్పారా?"

"లేదు."

"ఎందుకని?"

"నాలుగింటికి పెబోస్ గారు జాబితా శుభ్రంగా మళ్లీ కొట్టమన్నారు. కొడుతూ కూర్చున్నాను."

"ముప్పై ఏడేళ్లు!"

"ఎవరూ అడగలేదని నాకు నేను చెప్పుకునేదాన్ని. అబద్ధం. ఎవరూ అడక్కూడదనే ఉండేది."

లోరె ఆ పెన్సిల్ అక్షరాల మీద అరచెయ్యి పెట్టింది. "వదిలి పోలేదు," అంది, ఎవరితోనూ కాదు. తలెత్తింది. "మిమ్మల్ని చూస్తుంటే నాకు ఒళ్లు జలదరిస్తోంది."

"ఔనమ్మా," అంది ఫిలొమెన్.

జిల్బెర్త్ ఆ కాగితానికి నకలు తీసి ముద్ర వేసింది. లోరె దాన్ని మడవకుండా, రెండు చేతులతో పట్టుకుని వెళ్లిపోయింది. ఫిలొమెన్ వైపు తిరిగి చూడలేదు.

జిల్బెర్త్ పేజీలు తిప్పుతూ ఉండిపోయింది. ఒక ఉత్తరం దగ్గర ఆగింది. ఆ రాత గుర్తుపట్టినట్టుంది, చప్పున పుస్తకం మూసింది.

"అయితే మా అమ్మ చూసిన పొగ సంగతేమిటి?" అంది.

ఫిలొమెన్ బొత్తాలు పెట్టుకుంటూ గుమ్మం దాటింది.

ఆ ఆఫీసు పొయ్యి గొట్టం నలభై ఆరు అక్టోబరులో పగిలింది. నలభై తొమ్మిది మార్చి దాకా ఆ పొయ్యి వెలిగించలేదు. ధ్రువపత్రం మీద సంతకాలు పెట్టిన నలుగురూ నలభై ఏడు జనవరిలో ఆ రోజు ఓవర్‌కోట్లతోనే కూర్చుని ఉన్నారు.