గట్టు మీది బహుమానం

కొల్లేటి పక్క ఊళ్ళో, రొయ్యల చెరువులో మునిగిపోతున్న పిల్లవాణ్ణి, అరవై ఎనిమిదేళ్ళ వయసులో, పంచె ఎగ్గట్టుకోవడానికైనా ఆగకుండా దూకి, జుట్టు పట్టుకుని ఒడ్డుకు ఈడ్చుకొచ్చినవాణ్ణి నేను. తాడేపల్లిగూడెంలో ఈ సంగతి చెబితే టీ కొట్టతను నాకు రెండో టీ ఊరికే పోసేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆ చెరువు కాస్త లోతయ్యేది.

నేనక్కడికి ఎందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక ఏలూరులో ఆటిజం పిల్లల కేంద్రంలో చేరాను. కొన్నాళ్ళు శిక్షణ ఇచ్చి, ఇళ్ళకు వెళ్ళి పిల్లల చేత కూర్చోవడం, అడగడం, ఆగడం సాధన చేయించే పని అప్పగించారు. పద్ధతి వినడానికి సులువే. పనిని చిన్న చిన్న ముక్కలు చెయ్యాలి. పిల్లవాడు ఒక ముక్క పూర్తి చెయ్యగానే వాడికి ఇష్టమైనది వెంటనే ఇవ్వాలి. ఆ ఇష్టమేమిటో కనిపెట్టడం దగ్గరే సగం మంది చతికిలబడతారు.

ఈ పిల్లవాడిది గణపవరం దాటాక చెరువుల మధ్య ఊరు. ఏడేళ్ళవాడు. మాటలు లేవు. కోపమొస్తే తన ముంజేతినే కొరుక్కునేవాడు. అక్కడి చర్మం కాయలు కాచి నల్లబడింది. చాక్లెట్టు ఇస్తే విసిరేశాడు. జంతికలకు లొంగలేదు, సబ్బు బుడగలకు లొంగలేదు, సెల్‌ఫోను వైపు చూడనే లేదు.

ఒక సాయంత్రం విసుగెత్తి, వాడి చెయ్యి పట్టుకుని ఇంటి వెనక చెరువు గట్టెక్కించాను. రొయ్యలకు గాలి అందడానికి నీళ్ళను చిలికే ఏరేటర్లు తిరుగుతున్నాయి. చక్రాలు, వాటి చుట్టూ తెల్లటి నురగ. పిల్లవాడు కొరుక్కోవడం ఆపాడు. మెడ ఒక పక్కకు వాల్చి, నోరారా నవ్వాడు.

"వీడు నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో అండీ," అంది మా వెనకే వచ్చిన తల్లి, కళ్ళు తుడుచుకుంటూ.

ఇంకేముంది! ఆ చక్రాలను ఫోటో తీసి అట్టకు అంటించాను. చెప్పిన పని చేసి, ఆ అట్ట తెచ్చి నా చేతిలో పెడితే గట్టు మీదికి తీసుకెళ్ళేవాణ్ణి. కొద్ది వారాల్లోనే కుర్చీలో కూర్చున్నాడు. పూసలు గుచ్చాడు. చొక్కా బొత్తాలు పెట్టుకున్నాడు. కేంద్రం నడిపే మేడమ్, నా కూతురి వయసుంటుంది, విని మొహం చిట్లించింది.

"మాస్టారూ, బహుమానం గదిలోనే ఉండాలండీ. మీరిస్తేనే వాడికి దొరకాలి. చెరువు మీ గుప్పెట్లో ఉంటుందా?"

"మీరు టౌన్లో పెరిగారు మేడమ్. కొల్లేటి పిల్లలకి నీళ్ళంటే భయముండదండీ," అన్నాను, గొప్పగా. ఆ భయం లేకపోవడమే ఆవిడ భయమని నాకు తట్టలేదు.

వాడు చెరువులో పడ్డనాడు మబ్బు పట్టింది. ఎండ లేని రోజు నీళ్ళలో గాలి తగ్గుతుందని పగలు కూడా చక్రాలు తిప్పుతారు. ఆ చప్పుడు ఇల్లంతా వినబడుతుంది. నేను ఆలస్యంగా చేరాను. బస్సు రాలేదని అందరికీ చెప్పాను గానీ, బస్సు వేళకే వచ్చింది. గణపవరంలో పాత శిష్యుడొకడు కనబడితే, ఎవరి మాటా వినని పిల్లవాణ్ణి నేనెలా దారికి తెచ్చానో వర్ణిస్తూ ఉండిపోయాను.

ఇంట్లో తల్లి స్నానానికి వెళ్ళింది. పిల్లవాడు అట్ట తీసుకెళ్ళి నాయనమ్మ చేతిలో పెట్టాడట. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "మాస్టారొస్తారులే, ఉండు నాయనా," అని అట్టను పక్కన పెట్టింది. వాడికి నేను నేర్పింది ఒకటే: అట్ట ఇస్తే గట్టు. వాడు ఇచ్చాడు. వెళ్ళాడు.

నేను ఆటో దిగేసరికి గట్టు మీద కేకలు. పరుగెత్తాను. చెరువు కాపలా మనిషి వాణ్ణి భుజాన వేసుకుని ఒడ్డుకు వస్తున్నాడు. నాకు ఈత రాదు. మోకాలి లోతు దిగి, చేతులు చాచి వాణ్ణి అందుకున్నాను. నా దూకుడు అంతవరకే. వాడు కక్కిన నీళ్ళతో నా చొక్కా తడిసింది. తరవాత వచ్చినవాళ్ళు నన్ను తడిబట్టలతో చూసి ఏదో అనుకున్నారు. నేను కాదనలేదు.

బతికాడు. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయి చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటికొచ్చాక వాళ్ళు నన్ను రమ్మనలేదు. కొన్నాళ్ళు చూసి నేనే వెళ్ళాను.

వాడు నేల మీద కూర్చుని ఉన్నాడు. చీలమండకు పాత చీర పేలిక, దాని రెండో కొస మంచం కోడుకు. ముంజేతి మీద పచ్చి పుండు. చక్రాలు కనబడకుండా వెనక కిటికీకి అట్టపెట్టె ముక్కలు కొట్టారు. చప్పుడు మాత్రం వస్తూనే ఉంది. వాడి మెడ అటే వాలి ఉంది.

"కట్టేస్తే వాడు నేర్చుకున్నదంతా పోతుందమ్మా. విప్పండి. మళ్ళీ మొదలుపెడదాం. ఈసారి వేరే ఏదైనా వెతుకుతాను," అన్నాను.

తల్లి పేలిక ముడి వైపు చూసింది. చెయ్యి కొంచెం కదిలింది కూడా. విప్పుతుందనే అనుకున్నాను. ఇంతలో పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చింది.

"ఈయనేనా అండీ, ఆవేళ చెరువులో దూకిన మాస్టారు?"

నా నోరు ఊరుకుంటుందా? "ఏదోలెండి. ఆ క్షణంలో లోతెంతో చూసుకుంటామా? నేను ఆ నిమిషానికి రాకపోయి ఉంటేనా..."

"మీరు దూకలేదండీ," అంది తల్లి. గొంతు పెంచలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని ముడి ఇంకాస్త బిగించింది. "ఏడేళ్ళు ఆ చెరువు పక్కనే పెరిగాడు, ఒక్కనాడు అటు పోలేదు. వాడికి ఆ గట్టు చూపించింది మీరేనండీ."