మీటరు లేని ప్రయాణం

ఆ శుక్రవారం పొద్దున మా ఆయన కారెక్కి, రోజూలాగే స్పీడు మీటరు అద్దాన్ని గోటితో రెండుసార్లు తట్టాడు. ముల్లు సున్నా దగ్గరే ఉంది. "దీనికింకా బుద్ధి రాలేదు," అన్నాడు.

"మీకొచ్చిందా?" అన్నాను.

పదకొండింటికి బోర్డు మీద సగం లెక్క వదిలేసి, గుండె ఆగి పడిపోయాడు. ఇరవై మూడేళ్ల కాపురంలో చివరి రోజుకని నేను ఎంచుకున్న మంచి మాట అది.

మా ఆయన వేణుగోపాలరావు విజయనగరంలో లెక్కల మేష్టారు. వర్ణవివక్ష పోయిన కొత్త దక్షిణాఫ్రికాలో లెక్కలు చెప్పేవాళ్లు కావాలంటే తొంభై అయిదులో వచ్చాం. ఇల్లు మనవాళ్లు ఎక్కువగా ఉండే చాట్స్‌వర్త్‌లో దొరికింది. బడి, నేను మందులిచ్చే ఆసుపత్రి మాత్రం అరవై కిలోమీటర్ల అవతల ఉంజింటోలో. ఆ రోజుల్లో ఏ సభకెళ్లినా "మనమెంత దూరం వచ్చాం!" అన్న ఉపన్యాసమే. ఈయన వెనక వరసలోంచి "ఏ వేగంతో?" అనేవాడు. అందువల్ల మాకు విందు భోజనాల బెడద ఉండేది కాదు.

మాకు పాత కారు అమ్మింది పక్కింటి వాల్టర్. చెరకు తోటల పనికొచ్చిన తెలుగువాళ్ల మునిమనవడు, రిటైరైన మెకానిక్కు. ఆయన మనవరాలు కైలాకు ఇంజనీరు కావాలని పట్టుదల. మెట్రిక్, అంటే అక్కడి పన్నెండో తరగతి, లెక్కల్లో అప్పటికే ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే సూపర్ మార్కెట్ కౌంటరే గతి. ఈయన దాన్ని తన బడిలో చేర్చి, రోజూ మాతో కార్లో తీసుకెళ్లేవాడు. అది చేరిన వారానికే మీటరు చచ్చింది.

"ఎంత వేగంగా వచ్చాం, కైలా?"

"అరవై కిలోమీటర్లు, ముప్పావు గంట. ఎనభై, అంకుల్."

"చెరకు లారీ వెనక పాకినప్పుడు కూడా ఎనభయ్యేనా?"

"అది లారీ తప్పు, అంకుల్!"

"లారీ పరీక్ష రాయదమ్మా. దూరం తగ్గించు, టైమూ తగ్గించు."

అలా అరవై కిలోమీటర్ల నుంచి ఒక్క కిలోమీటరుకు, అక్కణ్నుంచి రెండు కరెంటు స్తంభాల మధ్యకు దిగారు. ఆ స్తంభాల దూరం కొలవడానికి ఈయన ఒక ఆదివారం రోడ్డు పక్కన అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. ఉంగరం పోయిందనుకుని దారిన పోయేవాళ్లిద్దరు పాపం వాళ్లూ వెతికారు.

చివరికి ఒకరోజు కైలా అరిచింది: "టైము ఇంకా ఇంకా తగ్గిస్తే జవాబు ఒకే అంకె దగ్గరికి వస్తోంది! ఆ క్షణంలో మన వేగం అదే కదా? డెరివేటివ్ అంటే ఇంతేనా?"

"ఇంతే. పుస్తకంలో భయపెట్టడానికి గ్రీకు అక్షరాలు వేస్తారు."

"మీటరు బాగుచేయిస్తే ఈ గోలంతా ఉండదుగా," అన్నాను వెనక సీట్లోంచి. "పోలీసు ఆపితే ఏం చెబుతారు?"

"కైలా చెబుతుంది. స్తంభాలతో సహా."

అక్టోబరులో ఆయన పోయాడు. నవంబరులో కైలా పరీక్ష రాసింది. జనవరిలో తాతా మనవరాలూ మా ఇంటికొచ్చారు.

"పాసయ్యాను, ఆంటీ. బండి ఎప్పుడెక్కడుందో ఇచ్చి, ఒక క్షణంలో వేగం అడిగారు. కళ్లు మూసుకుంటే స్తంభాలే కనిపించాయి."

దాన్ని దగ్గరికి తీసుకుని, ఏడవకుండా ఉండటానికి వాల్టర్ మీద పడ్డాను. "ఆ దిక్కుమాలిన మీటరు ఇప్పుడైనా బాగుచెయ్యి, వాల్టర్. ఆయన్ని ఏడాది పొడుగునా తిట్టాను దానికోసం."

వాల్టర్ తన బూట్లవైపు చూశాడు. "అది చెడలే, అమ్మా. నేనే దాని కేబుల్ తీసినా. సారు తీయమన్నాడు. పిల్ల పరీక్ష అయినాక మల్లా పెట్టమన్నాడు."

కేబులు డిక్కీలోనే ఉంది. స్టెప్నీ టైరు కింద, నూనె రాసి, ఆయన పాత పంచెముక్కలో చుట్టి.