బారెడు తాడు

కోడూరు బస్సులో కండక్టరుకి కొండమ్మ కనిపిస్తే చాలు, ఒకటే హాస్యం.

"ఈ పిల్లకి టిక్కెట్టు కొట్టాలా, లగేజీ కింద రాయాలా?"

నవ్వేవాళ్ళు నవ్వేవారు. కొండమ్మ నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు. ఎండుచేపల తట్టని సీటు కిందికి తోసి, తన నడుముకి కట్టుకున్న తాడుని ఒకసారి తడిమి చూసుకునేది. ఆ తాడు రెండో కొస కూతురు నాంచారి నడుముకి ఉండేది. వలల అంచుకి కుట్టే నైలాను తాడు. బారెడు పొడవు, అంటే కొండమ్మ రెండు చేతులూ చాపితే ఎంతో అంత.

బస్సులోనూ అవనిగడ్డ సంతలోనూ ఆ తాడు సంగతి ఎవరికీ తెలియదు గనక నవ్వేవారు. కోడూరు దిగువన సముద్రం వైపున్న వాళ్ళ పల్లెపాలెంలో అందరికీ తెలుసు. అక్కడ ఎవరూ నవ్వలేదు.

ఉప్పెన వచ్చిన ఆ శనివారం కొండమ్మ భర్త అంకమ్మరావు ఊళ్ళో లేడు. బందరు రేవు గిలకలదిండిలో ఎవరిదో పడవ మీద కూలికి వెళ్ళి, గాలివానకి బందరులోనే చిక్కుపడిపోయాడు. అత్త మహాలక్ష్మమ్మ కోడూరులో కూతురింటికి వెళ్ళింది. ఇంట్లో ఉన్నది కొండమ్మ, ఏడేళ్ళ కొడుకు వెంకటపతి, మూడేళ్ళ నాంచారి. నీళ్ళు గుమ్మం దాటినప్పుడు కొండమ్మ చిన్నదాన్ని వీపున వేసుకుని వల తాడుతో ఒంటికి చుట్టి కట్టుకుంది. పెద్దవాడి చెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. నీళ్ళు ఆమెని తీసుకుపోయి దిబ్బ మీది సర్కారుతుమ్మ చెట్టులోకి విసిరేశాయి. ముళ్ళ మధ్య ఆమెకి తెలివి వచ్చేసరికి వీపు మీద పిల్ల ఉంది. చేతిలో చెయ్యి లేదు.

ఆ తర్వాత అంకమ్మరావు కాలినడకన బందరు నుంచి వచ్చాడు. కొడుకు కోసం దిబ్బలన్నీ వెతికాడు. పల్లెలో ఏ ఇంట్లో చూసినా అదే వెతుకులాట. ఒకరిని చూసి ఒకరు ఏడవడం కూడా మానేశారు. కొండమ్మ అసలు ఏడవలేదు. ఆమె మనసులో ఒక్క సంగతి మాత్రం గడ్డకట్టి ఉండిపోయింది: కట్టిన పిల్ల బతికింది, పట్టుకున్న పిల్లవాడు పోయాడు. అది ఎవరో చెప్పగా విన్నది కాదు. తన చేతులతో చేసి, తన కళ్ళతో చూసింది. దాన్ని కాదనడానికి ఎవరికైనా ఏ ఆధారం ఉంది?

అప్పటినుంచి నాంచారి తాడు లేకుండా లేదు. వంట చేసేటప్పుడు గుడిసె గుంజకి కట్టేది. చేపలు ఎండబెట్టేటప్పుడు పందిరి రాటకి. సంతకి వెళ్తే తన నడుముకి. నిద్రపోయేటప్పుడు తన కాలికి. మేకని కట్టి మేపిన చోట గడ్డి గుండ్రంగా అరిగిపోయినట్టు గుంజ చుట్టూ నేల నున్నబడింది. పిల్ల నడుము చుట్టూ చర్మం నల్లగా మొద్దుబారి, మొలతాడు పైన ఇంకో మొలతాడు ఉన్నట్టు కనిపించేది.

"గుడిసె మళ్ళీ లేచింది గదే కొండా. ఇక విప్పెయ్," అన్నాడు అంకమ్మరావు ఒక రోజు.

"ఆ రోజు నువ్వు లేవుగా మావా," అంది ఆమె.

అతను తాడు మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

వేసవి దాటాక పల్లెలో కొత్తగా కట్టిన ఇళ్ళ పక్కన చిన్నపిల్లల బడి ఒకటి తెరిచారు. కృపావరం అనే టీచరమ్మ వచ్చింది. నెమ్మదైన మనిషి. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పంపమని అడుగుతూ కొండమ్మ ఇంటికీ వచ్చింది. పందిరి కింద తాడుతో ఉన్న పిల్లని చూసింది.

"మీ బళ్ళో స్తంభం ఉందా అమ్మగారూ?" అని అడిగింది కొండమ్మ.

"ఉంది. ఎందుకమ్మా?"

"కట్టుకోవాలిగా."

మహాలక్ష్మమ్మ తల కొట్టుకుంది. "దీనికి పిచ్చండీ టీచరుగారూ. రేపు ఈ పిల్లకి పెళ్ళి చేస్తే అల్లుణ్ణి కూడా కట్టేస్తది."

కృపావరం నవ్వలేదు. "తీసుకురామ్మా. కట్టే కూచోబెడదాం," అంది.

అలా నాంచారి బడికి కూడా తాడుతోనే వెళ్ళింది. కొన్నాళ్ళు గడిచాక ఒక పొద్దున కొండమ్మ పిల్లని దింపి స్తంభానికి కట్టబోతుంటే టీచరమ్మ ఆపింది.

"నువ్వు ఇక్కడే గుమ్మంలో నిలబడు. ఒక్క క్షణం కట్టకుండా చూద్దాం."

కొండమ్మ ఒప్పుకుంది, ఎందుకంటే గుమ్మంలో నిలబడింది తానే. కృపావరం గది చివర ఒక కొయ్య బొమ్మని పెట్టి, "నాంచారీ, తెచ్చుకోమ్మా," అంది.

పిల్ల లేచి గబగబా నడిచింది. బొమ్మకి ఇంకా కాస్త దూరం ఉందనగా ఆగిపోయింది. స్తంభానికి సరిగ్గా బారెడు దూరంలో. ముందుకి వంగి చెయ్యి చాచింది. అందలేదు. అటూ ఇటూ జరిగి, అదే దూరంలో అర్ధచంద్రంలా తిరిగి చూసింది. అందలేదు. వెనక్కి వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. అది ఆమెకి మామూలే అన్నట్టుంది.

కొండమ్మ చెవులు వేడెక్కాయి.

"నా పిల్ల చెప్పిన మాట వింటది. మిగతావాళ్ళలాగా కాదు," అని పిల్లని చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. ఆ మర్నాటినుంచి బడికి పంపలేదు. ముడి ఇంకొంచెం బిగించి వేసింది.

భాద్రపద పున్నమి వచ్చింది. సముద్రం పోటు ఎక్కువగా ఉండే రోజులు. పల్లె వెనక ఉప్పుపాయలో నీళ్ళు పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఇంకోలా ఉంటాయి. నీళ్ళు వెనక్కి తీసి ఉన్నప్పుడు పడవని కట్టేవాళ్ళు మోకుని ఎప్పుడూ వదులుగా వెయ్యాలి. బిగించి కడితే పోటు వచ్చినప్పుడు పడవ పైకి లేవలేదు. ముక్కు కిందికి లాగుకుని నీళ్ళు తాగి మునుగుతుంది. పల్లెలో పుట్టినవాళ్ళకి ఇది నడక వచ్చిన నాటినుంచి తెలుసు.

ఆ రోజు అంకమ్మరావు వేట నుంచి వచ్చి పడవని ఒడ్డుకి తోశాడు. "కొండా, మోకు వదులుగా వెయ్యి, పున్నం పోటు," అని కేకేసి, వల భుజాన వేసుకుని గట్టెక్కిపోయాడు. కొండమ్మ పాయ అడుగున పాతిన రాటకి పడవ మోకు కట్టింది. చూడకుండానే చేతులు సరిపడా వదులు ఇచ్చాయి. తర్వాత అదే రాటకి నాంచారిని కట్టింది. పిల్లని మామూలుగా కట్టే ఒడ్డు మీది రాటని ఎవరో వల ఆరేసుకోవడానికి పీక్కుపోయారు. ఇక్కడే బురద ఒడ్డున కూర్చుని చేపలు ఏరదామని ఆమె ఉద్దేశం.

అంతలో ఇబ్రహీం వచ్చాడు. కోడూరు నుంచి సైకిలు మీద ఐసుపెట్టె పెట్టుకుని వచ్చి రొయ్యలు కొనే మనిషి. గట్టు మీదినుంచే పిలిచాడు.

"కొండమ్మక్కా, బురదలోకి నేను దిగను. సైకిలు మునిగితే మా ఇంటామె నన్ను ఇంట్లోకి రానివ్వదు. నువ్వే పైకి తీసుకురా."

"దిగకపోతే సగం రొయ్యలు నేనే తింటాలే," అంటూ ఆమె తట్ట నెత్తికెత్తుకుంది. గట్టు మీద బేరం సాగింది. అతను రొయ్య సన్నం అన్నాడు, ఆమె నీ చూపు సన్నం అంది. మహాలక్ష్మమ్మ వచ్చి కోడలి పక్షాన నాలుగు మాటలంది. తూకం అయ్యింది, కాలేదు, మళ్ళీ అయ్యింది.

పోటు నీళ్ళు చప్పుడు చెయ్యవు. పక్కన ఉన్న మనిషికి కూడా తెలియకుండా వస్తాయి.

కొండమ్మ చెయ్యి అలవాటుగా నడుము తడుముకుంది. తాడు అక్కడ లేదు. అప్పుడు వెనక్కి తిరిగి చూసింది.

పడవ నీళ్ళ మీద హాయిగా తేలుతోంది. మోకు ఇంకా కాస్త వదులుంది. పక్కనే రాటకి దగ్గరగా నాంచారి నిలబడి ఉంది. నీళ్ళు నడుము దాటాయి. పిల్ల గౌనుని రెండు చేతులతో గుండెల దాకా ఎత్తి పట్టుకుంది.

కొండమ్మ ఎలా దిగిందో ఆమెకి తెలియదు. ముడి నీళ్ళ కింద ఉంది. తడిసి బిగుసుకుపోయింది. తానే బిగించిన ముడి. గోళ్ళు విరిగాయి గాని అది రాలేదు. బొడ్లోంచి చేపల కత్తి తీసి కోసింది. పిల్లని ఎత్తుకుని ఒడ్డున కూలబడింది.

"ఎందుకు పిలవలేదే?"

నాంచారి తల్లి ముఖంలోకి చూసింది, ఈ ప్రశ్న ఏమిటన్నట్టు.

"కట్టావుగా అమ్మా."

ఉప్పెన తర్వాత కొండమ్మ ఏడ్చింది ఆ రోజే. కొడుకు పేరు పెట్టి ఏడ్చింది. మహాలక్ష్మమ్మ పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరింది. ఇబ్రహీం తట్ట దించి, సైకిలు పట్టుకుని, వెళ్ళలేక ఉండలేక అలాగే నిలబడ్డాడు.

ఆ ఒక్క రోజుతో మనిషి మారిపోతే బాగుండేది. మర్నాడు పొద్దున లేవగానే కొండమ్మ చేతులు వాటంతటవే తాడు వెతికాయి, దొరికిన ముక్కతో పిల్లని గుంజకి కట్టాయి. కట్టాక తన చేతుల వంక చూసుకుంది. విప్పుదామని ముడి దగ్గరికి వేళ్ళు తీసుకెళ్ళింది. విప్పలేకపోయింది. చివరికి లేచి ఇంకో బారెడు తాడు తెచ్చి దానికి కలిపి ముడేసింది.

అంతకన్నా ఆమెకి చేతకాలేదు. కాని ఆ పని ఆపలేదు. పోటు వచ్చినప్పుడల్లా, పున్నమికీ అమావాస్యకీ, ఇంకో ముక్క కలిపేది. మబ్బు పట్టిన రోజు భయపడి తగ్గించేది. ఎండ కాశాక సిగ్గుపడి మళ్ళీ కలిపేది.

"ఇలా పెంచుకుంటూ పోతే తాడు బందరు దాకా వస్తదే," అంది మహాలక్ష్మమ్మ. "దాని కొసన ఒక సంచీ కట్టు. లడ్డూలు తెప్పించుకుందాం."

తాడు పెరిగింది గాని పిల్ల పెరగలేదు. ఎంత వదులున్నా పాత బారెడు దగ్గరే ఆగేది. అది చూశాక కొండమ్మ పిల్లని తీసుకుని మళ్ళీ బడికి వెళ్ళింది. గుమ్మంలో తల వంచుకుని నిలబడింది. కృపావరం పాత సంగతి ఎత్తలేదు. "ఈసారి బొమ్మ వద్దు. నువ్వే వెళ్ళి అక్కడ కూచోమ్మా," అని గది చివర చూపించింది.

కొండమ్మ వెళ్ళి కూర్చుంది. నాంచారి వచ్చి స్తంభానికి బారెడు దూరంలో ఆగింది. కొండమ్మ రమ్మనలేదు, చెయ్యి చాపలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చేతులు చాపకుండా కూర్చోవడం ఆమెకి ఎంత కష్టమో చూసేవాళ్ళకి తెలుస్తూనే ఉంది. పిల్ల కిందికి చూసింది, నడుము తడుముకుంది, తల్లి తడుముకున్నట్టే. ఆ రోజు రాలేదు. ఆ తర్వాతా చాలా రోజులు రాలేదు. ఒక రోజు వచ్చింది. వచ్చి తల్లి ఒళ్ళో కూర్చుని, ఇదేమీ పెద్ద విషయం కానట్టు ముక్కు గోక్కుంది.

చలికాలంలో అంకమ్మరావు పిల్లకి పాయలో ఈత నేర్పాడు. కొండమ్మ గట్టు మీద తాడు కొస పట్టుకుని నిలబడేది. తర్వాత కొస పట్టుకోకుండా నిలబడేది. తర్వాత తాడు లేకుండా, చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడేది.

వేసవిలో ఒక పొద్దున రేడియోలో తుఫాను హెచ్చరిక చెప్పారు. దండోరా వేశారు. అందరూ కోడూరు వెళ్ళిపోవాలన్నారు. గాలి అప్పటికే ఇసుక లేపుతోంది. ఈసారి అంకమ్మరావు ఇంట్లోనే ఉన్నాడు. బియ్యం మూట ఎత్తుకుని గుమ్మంలో నిలబడి భార్య వైపు చూశాడు.

కొండమ్మ చూరులోంచి తాడు తీసింది. ముక్కలు కలిపి కలిపి నిండా ముడులతో ఉన్న ఆ తాడుని చేతికి చుట్టుకుంది. నాంచారి చూసింది. అలవాటుగా చేతులు పైకెత్తి, కట్టమన్నట్టు ఎదురుగా నిలబడింది.

కొండమ్మ చేతికి చుట్టుకున్న తాడు విప్పింది. దాన్ని తట్టలో వేసింది, అన్నిటికన్నా పైన, చేతికి అందేలా.

"దగ్గర్లో ఉంటది. నీళ్ళొస్తే కడతాను," అంది. "ఇప్పుడు మట్టి రోడ్డు గదా, నడువు. నాయనమ్మ చెయ్యి పట్టుకో. గాలికి ముసల్ది పడిపోద్ది."

"నన్ను కట్టవే తాడుతో, నేనే కొట్టుకుపోయేలా ఉన్నా," అంది మహాలక్ష్మమ్మ.

కోడూరు బళ్ళో జనం కిక్కిరిసి ఉన్నారు. సాయంత్రానికి వాన మొదలైంది. కొండమ్మ గోడకి ఆనుకుని తట్ట పక్కన పెట్టుకుని కూర్చుంది. నాంచారి లేచి, కూర్చున్నవాళ్ళని దాటుకుంటూ, గుమ్మం వరకూ వెళ్ళింది. బారెడు దాటింది, రెండు బారలు దాటింది. అక్కడ తలుపు పట్టుకుని నిలబడి వాన చూస్తోంది.

కొండమ్మ చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. చెయ్యి తట్టలోకి వెళ్ళి తాడుని తాకి, బియ్యం మూట విప్పడానికి వెనక్కి వచ్చింది.