విడి లడీ ధర

మా వీధిలో రాజకీయం వినాలంటే పొద్దున్నే లేవాలి. ఎండ ముదరక ముందే పడుగును, అంటే బట్టకు నిలువు పోగులను, వీధి పొడవునా గుంజలకు కట్టి చాపుతారు, గంజి పట్టిస్తారు, ఆరేలోగా కుంచెలతో దువ్వుతారు. పడుగుకు ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు. ఇద్దరూ ఒకే నడకన నడవాలి కనుక ఎంత పోట్లాడుకున్నా ఒకరిని వదిలేసి ఇంకొకరు పోవడానికి వీల్లేదు. మా బాపు, మా చిన్నాయన ఒక ఏడాదంతా అలా పడుగుకు అటూ ఇటూ నడుస్తూ పన్ను గురించే కొట్లాడుకున్నారు.

మాది కరీంనగర్ జిల్లాలో నేతపని వాళ్ల ఊరు. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రమూ పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి కొన్నేళ్లయింది. ఎన్ని మారినా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే మా బాపు మాత్రం మారలేదు. నూలు సావుకారి ఇస్తాడు, చీరలు సావుకారే తీసుకుపోతాడు, శనివారం కూలి చేతిలో పెడతాడు. మగ్గం మాదే. దాని మీద నడిచే పోగు ఒక్కటీ మాది కాదు.

అప్పుడు నూలు మీద పన్ను తగ్గిస్తారన్న మాట పుట్టింది. ఎన్నికలు దగ్గరికొచ్చాయి కాబట్టి పుట్టిందని చిన్నాయన అనేవాడు. ఆయనకు ఏ మంచి మాట విన్నా ముందు అనుమానమే వచ్చేది. పెళ్లిలో భోజనం పెట్టినా ఉప్పు ఎందుకు ఎక్కువేశారని ఆరా తీసే రకం.

"పన్ను తగ్గితే నూలు సౌక అయితది తమ్మీ. నూలు సౌకయితే సావుకారి కాళ్లు మొక్కే పనేముంది? మనమే కొనుక్కుందుం, మనమే నేసుకుందుం, మనమే అమ్ముకుందుం," అనేవాడు బాపు కుంచె ఆపకుండా.

"పన్ను తగ్గిస్తే ధర తగ్గాల్నని యాడుంది అన్నా? పన్ను సర్కారు చేతుల ఉంటది. ధర దుకాణపోని చేతుల ఉంటది. గా తగ్గింది నడుమ ఎవని సంచిల పడ్తదో నువ్వే సూస్తవ్."

"నీకు సర్కారు అంటెనే పడది. జర ఆగు, సూడు."

"ఆగుడే నా పని. పుట్టిననాటి సంది ఆగుతనే ఉన్న."

గడప మీద కూర్చుని కండెలకు నూలు చుడుతూ నేను ఇద్దరినీ వినేదాన్ని. నాకు పద్నాలుగేళ్లో పదిహేనో ఉంటాయి. నేను బాపు పక్షం. చిన్నాయన మాట్లాడితే పాలల్లో ఉప్పు పడ్డట్టుండేది. ఆశ పెట్టే మనిషి వైపు మొగ్గడం ఆ వయసుకు సహజం, ఆ ఇంటికి ఇంకా సహజం.

సభ పెట్టారు. ఓట్లడగడానికి తెల్లబట్టల పెద్దమనిషి ఒకాయన వచ్చి, నూలు మీద పన్ను తగ్గించామని, ఇది నేతన్నల కోసమేనని, ఇక మీ బతుకులకు మంచిరోజులేనని చెప్పాడు. మా వాళ్లలో వచ్చిన పెద్దమనిషికి పూలదండ వేయరు, నూలు లడీలు, అంటే చిన్న చుట్టలు, కలిపి దండ చేసి వేస్తారు. ప్రతి ఇంటి నుంచీ ఒక లడీ పోయింది. ఆ దండ వేయించుకున్న ఆయన కాసేపటికి దాన్ని మెడలోంచి తీసి, నవ్వుతూ పక్కనున్న సావుకారి మెడలో వేశాడు. ఆ పూట ఆయన భోజనం సావుకారి ఇంట్లోనే మరి. అందరూ చప్పట్లు కొట్టారు. బాపు అందరికంటే గట్టిగా కొట్టాడు. చిన్నాయన నా వైపు చూసి కళ్లెగరేశాడు. నాకు ఒళ్లు మండింది, చిన్నాయన మీదే.

ఆ నెలలోనే బాపు సావుకారి పడుగు నేయడం ముగించి, ఇక నీ నూలు వద్దని చెప్పి వచ్చాడు. అవ్వ, అంటే మా అమ్మ, కాలి కడియాలు వెండివి, పెళ్లినాటివి. అవి అమ్మి నూలు కొన్నారు. అది పాత సరుకు కనుక పాత ధరేనని, తర్వాత వచ్చేదానికి తగ్గుతుందని బాపు అనుకున్నాడు. కడియాలు తీసిన చోట కాళ్ల మీద తెల్లటి గీత పడితే అవ్వ చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుని కప్పుకునేది.

ఇక్కడ మా పని గురించి ఒక సంగతి చెప్పాలి. పడుగు అయిపోయినప్పుడు చివర మూరెడు పోగులు మగ్గం మీదే వదిలేస్తాం. అవి దువ్వెన పళ్లలాంటి అచ్చులోంచి దూరి ఉంటాయి కనుక, కొత్త పడుగు పోగును పాత పోగుకు ఒక్కొక్కటే మెలివేసి అతికితే చాలు, లాగితే కొత్తది తనంతట తాను అచ్చులోకి వచ్చేస్తుంది. వేళ్లకు బూడిద అద్దుకుని అతకడం ఆడవాళ్ల పని. మా ఇంట్లో అది నా పని.

నేను బూడిద గిన్నె తెచ్చుకుని కూర్చుంటే, బాపు కత్తెర తీసుకుని వచ్చి అచ్చులో మిగిలిన సావుకారి పోగులన్నీ కోసి పడేశాడు.

"అయ్యో, గదేంది?" అని అవ్వ పరుగెత్తుకొచ్చింది.

"వాని పోగుకు నా పోగు అతకది. నా మగ్గం మీద వాని తునక సుత ఉండొద్దు."

నేతగాడు తప్ప ఇంకెవరూ చేయలేని తెలివితక్కువ పని అది. అచ్చు ఖాళీ అయింది. వేల పోగులు ఒక్కొక్కటిగా మళ్లీ దూర్చాలి. నేను ఇటు నుంచి పోగు అందిస్తే బాపు అటు నుంచి లాగడం, ఒక్కటి తప్పితే వెనక్కి పోయి మళ్లీ మొదలు. అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది. మగ్గం ఆడలేదు కాబట్టి ఇంట్లో ఒకపూటే పొయ్యి వెలిగింది. అయినా బాపు లోపల లోపల నవ్వుకుంటూనే ఉన్నాడు. నా మొత్తం బతుకులో ఆయన్ని అంత సంతోషంగా నేను ఇంకెప్పుడూ చూడలేదు. ఆ సంతోషానికి వెల కట్టమంటే నేను ఈ రోజుకీ కట్టలేను, తప్పు పట్టమన్నా పట్టలేను.

మొదటి పడుగు నడుస్తుండగా పేకకు, అంటే అడ్డపోగులకు, నూలు తక్కువైంది. బాపు దుకాణానికి పోయాడు. ధర పాతదే చెప్పారు.

"పన్ను తగ్గించిండ్రు గదా?" అని అడిగాడట.

"గది బేలు కొనేటోనికి. నువ్వు బేలు కొంటున్నవా? విడి లడీలు కొంటున్నవ్," అన్నాడట దుకాణం ఆయన. అబద్ధం కూడా కాదు. మిల్లు నుంచి వచ్చే పెద్ద మూట బేలు. పన్ను దాని మీద వేస్తారు, తగ్గించేదీ దాని మీదే. మూట విప్పి లడీలు విడిగా అమ్మేటప్పుడు ధర ఎంత అన్నది విప్పినవాడి ఇష్టం. మా ఊళ్లో బేలు కొనగలిగేవాళ్లు ఇద్దరు ముగ్గురు. అందులో పెద్దవాడు మా సావుకారే.

బాపు ఆ ధరకే కాస్త నూలు తెచ్చి, ఆ మాట ఇంట్లో చెబుతున్నప్పుడు చిన్నాయన అక్కడే ఉన్నాడు. నేను చెప్పలేదా అంటాడనుకున్నాను. అనలేదు. "ఉన్న చీరలన్న మంచి రేటుకు అమ్ముకరా అన్నా, ధర్మపురి జాతరకు పో," అన్నాడు అంతే. అది విన్నాకే నాకు నిజంగా భయం వేసింది.

ధర్మపురికి బాపుతో నేనూ పోయాను. నరసింహస్వామి దర్శనానికి వచ్చినవాళ్లు గోదావరిలో మునిగి, తడిబట్టలతోనే అంగళ్ల వెంట తిరుగుతున్నారు. మేము చీరలు పరిచిన చోటికి ఎదురుగానే సావుకారి మనిషి అంగడి పెట్టుకున్నాడు. అదే అంచు, అదే నేత, మా వీధి చీరలే. మా పక్కింటి వాళ్లు నేసినవి కూడా నేను గుర్తుపట్టాను. ధర మాత్రం మాకు నూలుకు పడిన ఖర్చు కంటే కాస్తే ఎక్కువ. ఆయన నూలు బేలు ధరకు వచ్చింది మరి. పన్నులో తగ్గినదాంట్లోంచి రవ్వంత వదులుకుని మా కంటే తక్కువకు అమ్ముతున్నాడు. మిగిలింది ఆయనకే. నేసినవాళ్ల కూలి పైసా పెరగలేదు.

ఒక ముసలమ్మ మా చీర వేళ్ల మధ్య నలిపి చూసి, "బట్ట మంచిగనే ఉన్నది బిడ్డా, గని గాడ సౌక ఇస్తుండ్రు," అని ఎదుటి అంగడికి పోయింది. ఆమెను ఏమనగలం? ఆమెకూ నాలుగు పైసలు కలిసొచ్చాయి. పన్ను తగ్గింపు వల్ల బాగుపడిన బీదవాళ్లలో నాకు తెలిసినామె ఆమె ఒక్కతే.

జాతర ముగిసే పూట బాపు చీరలన్నీ సావుకారి మనిషికే ఇచ్చేశాడు, అతడు చెప్పిన ధరకు.

చిన్నాయన ఆ ఎండాకాలమే బొంబాయి దగ్గరి భీవండి పోయాడు, అక్కడ కరెంటు మగ్గాలకు మనుషులు కావాలని విని. పోయేముందు బాపును కూడా రమ్మన్నాడు. బాపు రానన్నాడు. కొన్నేళ్లకు చిన్నాయన తిరిగొచ్చినప్పుడు, మగ్గాల మోతకు చెవులు పోయి, అందరి నోళ్లకేసి చూస్తూ కూర్చునేవాడు. మాటకు మాట తగిలించే మనిషికి అంతకంటే పెద్ద శిక్ష లేదు. ఊళ్లో ఉన్నా, ఊరు విడిచినా మాకు మిగిలేది ఓటమేనని నాకు అప్పుడే అర్థమైంది, తర్వాత ఆ అభిప్రాయం మార్చుకోవాల్సిన అవసరమూ రాలేదు.

జాతర నుంచి వచ్చిన వారానికి బాపు సావుకారి దగ్గరికి పోయాడు. సావుకారి తిట్టలేదు. "వచ్చినవా? కూసో," అని పడుగు ఇచ్చి, "మీ కోసమే పన్ను తగ్గించిండ్రు, మల్ల పరేషాన్ ఎందుకయ్యా?" అన్నాడట. కూలి పాతదే.

ఈసారి అచ్చులో మిగిలి ఉన్నవి మా సొంత పోగులు. అవ్వ కడియాల పోగులు. నేను బూడిద గిన్నె పెట్టుకుని చాలాసేపు ముట్టుకోకుండా కూర్చున్నాను.

"బాపూ, కోసేద్దామా?" అన్నాను.

"కోస్తె పని దినాలు పోతయి బిడ్డా. అతుకు."

అతికాను. మా పోగుకు ఆయన పోగు, చివరిదాకా. ఏడుపు వస్తే బూడిద తడిసి మెలి జారిపోతుందని ఏడవకుండా అతికాను. బాపు పడుగు లాగితే ముడులన్నీ అచ్చు దాటి వచ్చాయి, ఒక్కటి కూడా తెగలేదు. అంత బాగా అతికినందుకు నా వేళ్ల మీద నాకే కోపమొచ్చింది.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఆ తెల్లబట్టల ఆయనే ఇంకో తగ్గింపు తెచ్చానంటూ సభ పెట్టాడు. దండకు లడీ ఇవ్వమని మా గడప ముందుకూ వచ్చారు. ఇంట్లో మాదంటూ నూలు లేదు. లేదని చెప్పడానికి బాపుకు నామోషీ అయింది. సావుకారి ఇచ్చిన నూల్లోంచే ఒక లడీ తీసి ఇచ్చాడు, సభకు మాత్రం పోలేదు.

శనివారం చీరలు తూకం వేస్తే నూలు తక్కువ తేలింది. సావుకారి నవ్వుతూ, దండ సంగతి తనకు తెలుసన్నాడు. ఆ దండ ఈసారి కూడా ఆయన మెడలోకే చేరింది. అయినా లడీ ధర బాపు కూలిలో కోసుకున్నాడు. బేలు లెక్కన కాదు, విడి లడీ ధర.