పాట లేనప్పుడు మోగిన పెట్టె

మా మరిది పోయాడని పలాస ఆసుపత్రి నుంచి ఆ రోజు పొద్దున్నే కబురొచ్చింది. కిడ్నీలు పాడై చాన్నాళ్లుగా డయాలసిస్ మీద ఉన్న మనిషి. అయినా ఊళ్లో ఒకటే మాట, అతను చేసుకున్న కరెంటు పెట్టే అతన్ని మింగిందని. నాకు అక్షరాలు రావు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. పెట్టె మింగిందన్న మాట అబద్ధం.

పాత రేడియోల గాజు వాల్వులతో అతను పాటల పెట్టె చేసుకున్నాడు. బరువెందుకని, కరెంటు జోరు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టలేదు. గోడలో కరెంటు తిన్నగా దానికే. పాట ఆగినా అది జుమ్మంటూనే ఉండేది.

"పాడేవోడు ఆపేసినాడు గదా, మరి ఈ మోగేదెవులు?" అన్నాను.

"అదే ఎతుకుతున్నాను వదినా. తీగల్లో ఎక్కడో మనం దారిత్తేనే మోత లోనికి వత్తాది."

ఓరోజు నేను అరుగు మీద కొబ్బరి తాడు పేనుతుంటే రెండు తీగలు తెచ్చాడు. వాల్వుల్ని వేడిచేసేవట, తాడులా పేనమన్నాడు. పీచుకైతే తడి కావాలి. అలవాటుగా చెంబులో చెయ్యి ముంచాను.

"నన్ను సంపేత్తావేటి తల్లీ," అని చెంబు లాక్కున్నాడు.

పొడిగానే పేనాను. మోత సగం తగ్గింది. ఎందుకని అడిగాను.

"ఒకటి ఎల్లే తీగ, ఒకటొచ్చే తీగ. పెనేసుకుంటే ఒకదాని గోల ఇంకోటి మింగేత్తాది."

"మీ అన్న గోల నానింకా మింగలేదు మరి," అన్నాను. పడీ పడీ నవ్వాడు.

రెండు పిన్నుల ప్లగ్గు తిరగేసి పెడితే మోత పెరిగేది, లోపలి రేకు ముట్టుకుంటే షాకు కొట్టేది. అందుకని ప్లగ్గుకీ బోర్డుకీ ఒకే వైపు పసుపు బొట్టు పెట్టాడు. ప్లగ్గు పీకకుండా మూత తీసేవాడు కాదు. అంత భయమున్నవాడిని ఆ పెట్టె చంపుతుందా?

పెద్దకర్మ కాగానే అతని కొడుకు పాత సామాన్లవాణ్ణి పిలిచాడు. నేను పెట్టెకు అడ్డంగా కూర్చున్నాను.

"లెగు పెద్దమ్మా. నాన్న పేణం తీసినాదిది."

"తీసినాదో లేదో ఒకపాలి ఇని సెప్పు."

విసుక్కుంటూనే బొట్టు చూసి ప్లగ్గు పెట్టాడు. వాల్వులు ఎర్రబడ్డాయి. చప్పుడు లేదు. పనిచేయడం లేదనుకుని స్పీకరు గుడ్డకు చెవి ఆనించాడు.

"మోత సన్నగా ఉంది పెద్దమ్మా. ఎక్కడినుంచో వత్తంది."

బయట సామాన్లవాడు కేకేస్తున్నాడు. కొడుకు వాళ్ల నాన్నలాగే ముందు ప్లగ్గు పీకి, మూత తీశాడు. లోపల వాల్వుల ఎరుపు ఇంకా ఆరలేదు. అది చల్లబడేదాకా వాడు మోత వచ్చే దారి కోసం వంగి చూస్తూనే ఉన్నాడు.