అళగమ్మాళ్ పెట్టని సేనై

మా అత్త అళగమ్మాళ్ కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీకి పోతుంది. ఆమెకు చేతి పని కన్నా నోటి పని ఎక్కువ. అయినా మా వీధిలో ఎవరికి బిడ్డ పుట్టినా సేనై పెట్టడానికి ఆమెనే పిలుస్తారు. పుట్టిన బిడ్డ నాలుకకు చక్కెర నీళ్ళు ఒక చుక్క తాకించడమే సేనై. ఎవరి వేలితో ఆ చుక్క అందితే వాళ్ళ గుణమే బిడ్డకు వస్తుందని మా వాళ్ళ నమ్మకం. అందుకే కాబోలు, కొళాయిలో నీళ్ళు వచ్చే వేళ మా వీధిలో అంత రచ్చ. మా ఆయన మారిసామి ఒక్కడే నోట్లో నాలుక లేని మనిషి. ఆయనకు సేనై పెట్టింది మా మామ అట.

నాకు ఏడో నెల నిండగానే నొప్పులు వచ్చి బాబు పుట్టేశాడు. అరచేతిలో పట్టేంత ఉన్నాడు. విరుదునగర్ ఆసుపత్రిలో వాణ్ణి గాజుపెట్టెలో పెట్టి, సన్నటి గొట్టం ఒకటి చేతి నరంలోకి వేశారు. వాడి పేగులు ఇంకా ముదరలేదని, పొట్ట కూడా ఉబ్బిందని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు నోట్లోకి ఏది పోయినా పేగు చెడి ప్రాణం మీదికి వస్తుంది, చుక్క కూడా వద్దు అంది. నా పాలు పిండి దాచమంది.

"బిడ్డను పస్తు పెడతా ఉండారు" అని అత్త వరండాలో కనిపించిన ప్రతి మనిషికీ చెప్పింది. "సేనై పడని బిడ్డ ఎట్ల నిలుస్తాడు?"

ఆమెను లోపలికి పంపిన రోజు నేను పక్కనే స్టూలు మీద ఉన్నాను. చేతులు కడుక్కుంది, గౌను తొడుక్కుంది, బుద్ధిమంతురాలిలా బాబును చూసింది. తర్వాత గౌను కిందినుంచి కొంగు లాగి ముడి విప్పింది. అందులో చిన్న మందు సీసా, దాన్నిండా చక్కెర నీళ్ళు. లేవబోతే కుట్లు లాగాయి. అప్పటికే ఆమె వేలు తడిసింది, చెయ్యి గాజుపెట్టె కిటికీ దాకా పోయింది.

నర్సు శివరంజని వచ్చి ఆ మణికట్టు పట్టుకుంది. ఆ అమ్మాయిది కారియాపట్టి, మాలాగే ఇంట్లో తెలుగే; తమిళనాట మా తెలుగులో నొక్కి చెప్పే మాటకు 'దా' అని తోక తగులుతుంది.

"అవ్వా, ఆ చుక్క పోతే వీడు మనకు దక్కడు."

"ఏమీ పెట్టకుంటే మాత్రం దక్కుతాడా?"

"పెట్టలేదని ఎవరన్నారు? ఈ సంచిలో చక్కెర ఉండాది, ఒళ్ళు పెరిగే సత్తువ ఉండాది, ఉప్పులుండాయి. ఆ తెల్ల సిరంజిలో కొవ్వు. అన్నీ నరంలోకే పోతాయి. పుట్టిన పూటనుంచీ వీడు తింటానే ఉండాడు."

అత్త ఆ సంచిని తేరిపార చూసింది. "చక్కెర ఉండాదా?"

"ముందు పోయింది అదేదా."

"ఎవరు పెట్టినారు?"

"నేనే."

అత్త వేలు కొంగుకు తుడుచుకుంది. శివరంజనిని కిందినుంచి పైకి, పెళ్ళిచూపుల్లో చూసినట్టు చూసింది.

"నీకు కోపం వస్తాదా?"

"తక్కువ అవ్వా."

"అబద్ధాలు ఆడతావా?"

"ఇంట్లో ఆడతాను."

"నిద్ర బాగా పోతావా?"

"ఈ డ్యూటీలో నిద్ర ఎక్కడిది?"

"సరే, ఏం చేసేది. సేనై అయిపోయింది. వీడికి నీ గుణందా" అంటూ సీసా నా చేతిలో పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోతూనే ఉంది, జాలీ వేసింది. తొలి మనవడి మీద ఎంత ఆశ పెట్టుకుందో పాపం.

ఆ తర్వాత సంచి మార్చే వేళకు అద్దం బయట నిలబడి, "చెయ్యి బాగా కడిగితివా?" అని శివరంజనినే అడిగేది. ఆ పిల్ల ఓపికను మెచ్చుకోవాలి.

బాబు పొట్ట మెత్తబడింది. నా పాలు ఒక చుక్క నోటికి ఇవ్వవచ్చని డాక్టరమ్మ చెప్పిన రోజు శివరంజని అత్తను లోపలికి పిలిచింది. పాలలో ముంచిన దూది పుల్ల అందించి, "అవ్వా, ఈ చుక్క నువ్వు పెట్టు" అంది.

ఎవరు పిలిచినా పరుగెత్తే మనిషి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వద్దమ్మా. ఒక బిడ్డకు ఒక చెయ్యిదా. నువ్వు మొదలుపెడితివి, నువ్వే పెట్టు."

శివరంజని పెట్టింది. బాబు పెదవులు చప్పరించాడు. అత్త ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

వాడే మా కుమారవేల్. ఇప్పుడు ఇల్లంతా పరుగులు. రాత్రి పడుకోకుండా సతాయిస్తే, "కారియాపట్టి గుణం, డ్యూటీలో ఉండాడు" అంటుంది అత్త. వీధిలో బిడ్డ పుడితే ఇప్పటికీ ఆమెనే పిలుస్తారు. పోతుంది, కానీ కొంగులో సీసా ఉండదు. బిడ్డను ఎత్తి తల్లి రొమ్ము దగ్గర పెట్టి, "సేనై అంటే ఇదిదా" అంటుంది.