కోరుట్లలో మూడో ప్రపంచ కప్పు

మా చిన్నప్పుడు ప్రపంచ కప్పు మా కోరుట్లలోనే జరిగేది... అదీ బందు రోజుల్లో మాత్రమే.

క్రికెట్ కాదండీ, కుస్తీ పత్తాలు, అంటే బొమ్మల కార్డులు. బబుల్‌గమ్ పొట్లంలో ఒక్కో పత్తా వచ్చేది. దాని మీద ఒక పహిల్వాన్ బొమ్మ, కింద వాడి ఎత్తు, బరువు, ఛాతీ, గెలిచిన కుస్తీలు. ఒకరు "బరువు" అని తమ అంకె చెబితే, ఎదుటివాళ్లు తమది చెప్పాలి. ఎక్కువున్నవాళ్లకు రెండు పత్తాలూ. అంతే ఆట... కానీ దానికోసం మేం కొట్టుకున్నంతగా ఆ పహిల్వాన్లు కూడా కొట్టుకుని ఉండరు.

మా ప్రపంచంలో మూడే దేశాలు. సిరిసిల్ల అంటే మా మేనత్త కొడుకు రాజు బావ, నాకన్నా ఏడాది పెద్ద. జగిత్యాల అంటే మా చిన్నమ్మ కూతురు స్వప్న. కోరుట్ల అంటే నేను. తెలంగాణ ఉద్యమం మండుతున్న రోజులు... బడులు మూత, బట్ట నేసే సాంచాలు మూత, బస్సులు డిపోలోనే. చుట్టపుచూపుగా వచ్చిన పిల్లలు వారాల తరబడి మా ఇంట్లోనే ఇరుక్కుపోయేవాళ్లు.

మొదటి కప్పు స్వప్న గెలిచింది. ఓర్వలేక బావ దాని మణికట్టు కొరికాడు. పళ్ల గుర్తులు వారం దాకా పోలేదు.

రెండోది బావ గెలిచాడు. నేను ఊరుకుంటానా... రాయి తీసి విసిరాను. బావ తప్పించుకున్నాడు, మా కోడి చచ్చింది. అమ్మ నన్ను చింతబరికెతో వాయించి, ఆ కోడిని వండి, నాకు తప్ప అందరికీ పెట్టింది.

ఇక మూడోది... సొంతూరిలో ఆడుతూ ఒక్కసారీ గెలవలేదన్న మంట నాకు. పైగా ఈసారి కొత్త షరతు, గెలిచినవాళ్లకే అందరి పత్తాలూ. బావవి రెండేళ్లుగా కూడబెట్టినవి. తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడు.

స్వప్న తొందరగానే ఓడిపోయింది. చివరికి బావ, నేను, చెరొక పత్తా.

"బరువు," అన్నాడు బావ. "మూడు వందల పది."

నా చేతిలో ఉన్నది మేం గుండోడని పిలిచే పహిల్వాన్. వాడి బరువు రెండు వందల ఎనభై ఆరు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే చెప్తున్నా... మొదటి అంకె మీద బొటనవేలు పెట్టి, "మూడు వందల ఎనభై ఆరు" అని ఒక్క క్షణం చూపించి, పత్తా వెనక్కి లాక్కున్నాను.

"మల్ల సూపియ్యి."

"ఒక్కసారే సూపిస్త. ఓడినంక ఏడుసుడేంది?"

బావ నా జడ పట్టుకుని నేలకు గుంజాడు. నేను మోకాలితో వాడి మూతి మీద గుద్దాను. ముక్కు పగిలి చొక్కా నిండా నెత్తురు. కళ్లలో మన్ను కొట్టుకున్నాం, గోళ్లతో రక్కుకున్నాం. స్వప్న అరుగు మీద కూర్చుని ఎవరికి ఎన్ని దెబ్బలో లెక్కపెట్టింది. చివరికి అమ్మ వచ్చి ఇద్దరినీ చీపురుతో విడదీసింది.

బావ మళ్లీ ఆ పత్తా చూస్తాడేమోనని నా భయం. షరతు ప్రకారం నావైన మొత్తం పత్తాలను కవర్లో చుట్టి, గుండోణ్ణి పైన పెట్టి, మా ఇంటి వెనుక పంక్చర్ దుకాణం దగ్గరున్న లారీ టైర్ల గుట్టలో, ఒక టైరు లోపల దాచాను. బందు రోజుల్లో పాత టైరుకు ఎంత గిరాకీ ఉంటుందో నా బుర్రకు తట్టలేదు.

తెల్లారి లేచేసరికి గుట్ట లేదు. గల్లీ పోరగాళ్లు టైర్లన్నీ దొర్లించుకుంటూ చౌరస్తాకు తీసుకెళ్లారు. "పత్తాలు టైర్ల దాసిన" అని ఏడుస్తూ ఉరికాను. వెనకాలే బావ. అక్కడ నల్లటి పొగ, నినాదాలు, అప్పటికే టైర్లు అంటుకుని ఉన్నాయి.

"ఏ టైర్ల వెట్టినవే?"

చూపించాను. బావ మంటలో చెయ్యి పెట్టాడు.

కరిగిన రబ్బరు అరచేతికి అంటుకుంది. వాడు అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది... అంతలోనే పోలీసులు దిగారు. లాఠీలు లేచాయి, అటునుంచి రాళ్లు లేచాయి. ఒక పెద్దాయన తల పగిలి నా ముందే కూలబడ్డాడు. ఒక కానిస్టేబుల్ బావ వీపు మీద రెండు వేశాడు.

"టైర్లు కాలవెడ్తవారా?"

"నేను వెట్టలే సార్... మా మామ బిడ్డ పత్తాలు సార్, కాలుతున్నయ్."

మూడో దెబ్బ కూడా పడింది. ఎట్లాగో బావను లాక్కుని ఇంటికొచ్చాను. బావ కాలిన పిడికిలి విప్పితే ఒక్కటే పత్తా ఉంది... గుండోడు. సగం కాలిపోయాడు. మిగిలిన సగంలో బరువు స్పష్టంగా కనిపిస్తోంది. బావ దాన్ని నాకిచ్చి, చెయ్యి నీళ్లలో పెట్టుకుని ఏడ్చాడు. నొప్పికి చూసి ఉండడులే అనుకున్నాను. ఆ రాత్రే దాన్ని పొయ్యిలో వేశాను.

మొన్న సిరిసిల్లలో బావ ఇంటికి వెళ్లాను. మా అబ్బాయి ఫోన్‌లో ఏదో పత్తాల ఆట చూపించాడు. దానికి నిజంగానే ప్రపంచ పోటీలట... దేశదేశాల నుంచి విమానాల్లో వస్తారట, ఓడినవాళ్లు చెయ్యి కలిపి వెళ్లిపోతారట. ఎవరూ ఎవరినీ కొరకరట. బావ కూతురు నిజం పత్తాలే తెచ్చి, ఆడదాం రమ్మని నన్ను పిలిచింది.

బావ అన్నం కలుపుకుంటూ తల ఎత్తకుండానే అన్నాడు...

"మీ చిన్నమ్మతోని ఆడు బిడ్డా. గని ముందుగాల బొటనవేలు తియ్యమను."

అన్నం కలిపే ఆ అరచేతిలో మచ్చ ఇంకా నున్నగా మెరుస్తోంది.

ఇప్పటి పిల్లలు ఓడిపోతే ఫోన్ పక్కన పడేసి లేచిపోతున్నారు... జడ పట్టుకోవడానికి ఎదురుగా మనిషే ఉండడు, మంటలో చెయ్యి పెట్టడానికీ ఉండడు. మీరు ఎవరిని మోసం చేసి గెలిచారో, వాళ్లకు తెలిసి కూడా ఎన్నేళ్లు ఊరుకున్నారో కింద రాయండి. ముందు నేనే రాస్తున్నా...

బావా, మూడో కప్పు నీదే.